బీరువా ఖాళీ చేయించు విషయమై

మా ఇంట్లో నాపై సాగుతున్న ఒక అన్యాయాన్ని పాఠక మహాశయుల దృష్టికి సవినయంగా తీసుకువస్తున్నాను. మా నాన్నగారి నుంచి సంక్రమించిన గ్రామఫోను ప్లేట్లూ, నేను జీతంలో మిగుల్చుకుని కొన్న ఎల్పీలూ కలిసి ముందుగదిలో ఒక చెక్కబీరువా నిండా ఉన్నాయి. వాటిని ‘డిజిటల్ చేసెయ్యాలి’ అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. తీర్మానం జరిగే వేళకు నేను కూరల బజారులో ఉన్నాను. రిటైరైనవాడికి బోలెడు తీరిక ఉంటుందన్నది ఈ దేశంలో ఎవరూ రుజువు అడగని సిద్ధాంతం కనుక, పని నాకే దఖలు పడింది.

సంగీతం మీద ప్రేమతో అడిగి ఉంటే నాకు పేచీ లేదు. ఆ బీరువాలోని ఒక్క ప్లేటునైనా మా వాళ్లెవరూ వేసిన పాపాన పోలేదు. సుబ్బులక్ష్మిగారి 1963 నాటి సుప్రభాతం ఎల్పీ దర్జాగా అందులో ఉండగా, మా ఆవిడ అదే సుప్రభాతాన్ని రోజూ ఫోనులో, మధ్యలో బనియన్ల ప్రకటనతో సహా వింటుంది. వాళ్లకు కావలసింది పాట కాదు, జాగా.

“ఎంతసేపు నాన్నా, కాపీ కొట్టడమేగా” అన్నాడు మా అబ్బాయి డాలస్ నుంచి. వాడి కాలంలో కాపీ అంటే రెండు మీటలు నొక్కడం. ప్లేటుకు ఆ సంగతి తెలియదు. ఇరవై నిమిషాల పాట ఇరవై నిమిషాలూ తిరిగితేనే ఎక్కుతుంది. మధ్యలో లేచి వెళ్దామా అంటే, గీత పడిన చోట ముల్లు ఇరుక్కుందో, భగవద్గీత ప్లేటులో ఘంటసాలగారు అర్జునుణ్ణి పొద్దుగూకేదాకా ఒకే మాటతో పిలుస్తూ ఉంటారు.

అబ్బాయి పంపిన యంత్రం ముచ్చటగానే ఉంది. అది 33, 45 వేగాల్లో తిరుగుతుంది. నాన్నగారి ప్లేట్లన్నీ 78వి. ఫోను చేస్తే ఉపాయం చెప్పాడు: 45లో తిప్పి రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్‌లో వేగం 73.3 శాతం పెంచాలట. లెక్క సరైనదే, 45 కన్నా 78 అంతే ఎక్కువ. మూడు నిమిషాల పద్యం అయిదు నిమిషాల పైచిలుకు సాగుతుందనీ, అంతసేపూ దాని ఎదురుగా కూర్చునేది తన తండ్రేననీ మాత్రం ఆ లెక్కలో లేదు. పై షడ్జమంలో రాగం తీసి పక్క ఊరివాళ్లను సైతం నాటకానికి రప్పించిన మహానటులు, 45లో ఈనబోయే గేదెల్లా మూలుగుతారు. పక్క ఫ్లాటు ఆవిడ వచ్చి, “అన్నయ్యగారికి ఒంట్లో బాగుందా వదినా?” అని మా ఆవిణ్ణి పరామర్శించి వెళ్లింది.

ముల్లు సంగతి వేరే ఉంది. 78 ప్లేటు గాడి వెడల్పు. ఎల్పీకి వేసే ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు, లేదా అంతకన్నా సన్నం. 78కి దాదాపు మూడింతలు లావుది కావాలి. పాట గాడి గోడల మీద ఉంటే సన్న ముల్లు అడుగున దుమ్ములో దొర్లుతుంది. అందుకని లావు ముల్లు తెప్పించాను. బిల్లు మా ఆవిడ చేతిలో పడింది. తదనంతర సంభాషణను ఇక్కడ ఉటంకించడం మర్యాద కాదు.

మా అల్లుడు మంచివాడు. సాయం చేస్తానని శానిటైజరు సీసా, దూది పట్టుకుని బీరువా ముందు కూర్చున్నాడు. “అన్నీ క్లీన్ చేసేస్తా మావయ్యగారూ!” ఆ 78లు వినైలు కావు, లక్కవి. లక్కలో రాతిపొడి, మసి కలిపి నొక్కినవి. 1928లో కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీ పెట్టి దేశమంతటికీ పంచిన సరుకు అదే. (పడమటి దేశాలు వదిలేశాక కూడా మనం దాన్ని వదల్లేదు, బీటిల్స్ పాటల్ని కూడా 78ల మీద నొక్కి అమ్మాం.) అంత మొండిదీ ఆల్కహాలు తగిలితే కరుగుతుంది. అల్లుడి మీద గొంతు పెంచరాదన్న ఆచారాన్ని ఆ క్షణాన పక్కన పెట్టాను. స్థానం నరసింహారావుగారి ప్లేటుకు ఒక అంచున నిగనిగ పోయింది. మా అమ్మాయి కొన్నాళ్లపాటు నాతో ముభావంగా ఉంది.

రికార్డు చేసే వేళ ఇంటివారి ప్రవర్తన గురించి కూడా విన్నవించాలి. ముల్లుకు తెలిసింది కదలిక ఒక్కటే. ఎవరైనా మడమ నొక్కి నడిస్తే అది కూడా సంగీతమే అనుకుని ‘దబ్’మని పట్టుకుంటుంది. ఫ్రిజ్ ఆగినప్పుడల్లా ఫైల్లో ‘టప్’మని ఒక చప్పుడు. ల్యాప్‌టాప్‌కు చార్జరు తగిలించి ఉంటే 50 సైకిళ్ల కరెంటు హోరు శ్రుతి కలవకుండా అడుగున సాగుతూనే ఉంటుంది. “కాస్త ఆ అల్లం చట్నీ ఒక్క పద్యంసేపు ఆపగలవా?” అని మా ఆవిణ్ణి వేడుకున్నాను. “ఇడ్లీలు ఉత్తవే తింటారా?” అంది. ఆ పద్యం చివర మా మిక్సీ ఇప్పటికీ ఉంది, మంచి నాణ్యతతో, నిమిషానికి 10 ఎంబీ చొప్పున.

చిటపటలు తీసేసే సాధనం కంప్యూటర్‌లో ఉంది. దానికి ప్లేటు మీద గీత ఏదో, భజనలో తాళాలేవో తేడా తెలియదు. రెండూ ఠక్కున లేచి ఠక్కున పడే చప్పుళ్లే కనుక రెంటినీ కత్తిరిస్తుంది. భక్తులు అందరూ ఉన్నారు, తాళాలే లేవు. మా వాళ్లు విని, “ఎంత క్లియర్‌గా ఉందో!” అన్నారు.

ఇదే బీరువా పాటల్ని 1980ల్లో ‘శాశ్వతంగా ఉంటాయి’ అని క్యాసెట్లకు ఎక్కించాం, తర్వాత సీడీలకు ఎక్కించాం. క్యాసెట్లకు బూజు పట్టింది. సీడీలను ఏ యంత్రమూ చదవనంటోంది, అసలు సీడీ పెట్టే చోటున్న కంప్యూటరే ఇంట్లో లేదు. నాన్నగారి ప్లేటు మాత్రం కరెంటు కూడా అడగకుండా, గ్రామఫోనుకు కీ ఇచ్చి ముల్లు పెడితే పాడుతోంది. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు బోధపడటం లేదు.

పైగా ప్రతి ఫైలుకూ ‘ట్యాగులు’ పెట్టాలట. పాడినవారు, రాసినవారు, సంవత్సరం. లేబుళ్లు సగం పురుగులు తినేశాయి. 1902లో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించుకుంది. నా ఎరుకలో ట్యాగు అంటే అదీ. మనవాళ్లకు ఆ బుద్ధి పుట్టి ఉంటే నా కళ్లజోడు నంబరు పెరిగేది కాదు.

చివరిగా రాయబారం. నాన్నగారి దగ్గర ఉన్నది సెట్టుగా వచ్చిన నాటకం, వరసగా ఒక్కో ప్లేటూ వేసుకుంటూ వినాలి. మధ్యలో ఒకటి ఎప్పుడో పగిలింది. శ్రీకృష్ణులవారు హస్తినకు బయల్దేరతారు, తర్వాతి ప్లేటులో సభలో కోపంగా ఉంటారు. నడుమ ఏం జరిగిందో మా ఇంట్లో తరతరాలుగా ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు. “గ్యాప్ ఎందుకు నాన్నా, యూట్యూబ్‌లో ఇంకెవరిదో ఉంటుంది, అది అతికించు” అన్నాడు అబ్బాయి. వద్దంటే వినకుండా తనే అతికించి పంపాడు. ఇప్పుడు మా కృష్ణుడు ఒకరి గొంతుతో ప్రయాణమై, దారిలో వేరొకరి గొంతు తెచ్చుకుని, సభలోకి వచ్చేసరికి మళ్లీ మొదటి గొంతుకు తిరుగుతాడు. దుర్యోధనుడికి ఎక్కడా అనుమానం రాలేదు. మా వాళ్లకూ రాలేదు.