సరదాకి హాజరు వేసే మనిషి

ఇంటి నుంచి పనిచేసే ప్రతి ఐటీ టీములోనూ ఒకాయన ఉంటాడు. కోడు రాస్తాడో లేదో గానీ, శుక్రవారం నాలుగింటికి ‘ఫన్ ఫ్రైడే’ అని అందరి క్యాలెండర్లలో గంటసేపు కబ్జా చేస్తాడు. ఇష్టముంటేనే రండి అని రాస్తాడు. రానివాళ్లకి నాలుగూ ఐదుకల్లా ‘అంతా ఓకేనా బ్రో?’ అని విడిగా మెసేజ్ కొడతాడు. జ్వరమంటే, ‘అయ్యో, రెస్ట్ తీసుకో. పడుకునే ఆడొచ్చులే, లింకు ఫోన్లో కూడా పనిచేస్తుంది’ అంటాడు.

2020 లాక్‌డౌన్ ఇచ్చిన కొలువిది. అంతకుముందు ఈయనే ఆఫీసులో బర్త్‌డే కేకులకి చందాలు పోగుచేసేవాడు. ఇప్పుడు పరిధి పెరిగింది. హైదరాబాదులో నాలుగంటే డాలస్‌లోని ఆన్‌సైట్ అమ్మాయికి వేసవిలో తెల్లవారుజాము ఐదున్నర, చలికాలమైతే నాలుగున్నర. ‘పొద్దున్నే నవ్వితే ఆరోగ్యం’ అని ఆమెకి అభయమిచ్చాడు.

ఆయన ప్రాణం స్క్రిబుల్. ఒకరు మౌసుతో బొమ్మ గీస్తుంటే, గడువులోగా మిగతావాళ్లు అదేంటో టైపు చెయ్యాలి. పదాలు మనమే ఇచ్చుకోవచ్చని కనిపెట్టిన రోజు నుంచి అందులోకి మన సంస్కృతిని దింపాడు. మొన్న స్వయంగా గీశాడు: ఒక దీర్ఘచతురస్రం. అంతే.

కిటికీ అన్నారు, పరుపు అన్నారు. ఎవరో ఆశగా ‘రిలీవింగ్ లెటర్’ అని కొట్టారు. ఆయనకి ఆగక, మ్యూట్ తీసి ‘తింటారయ్యా, తింటారు!’ అని అరిచేశాడు. ఆత్రేయపురం కుర్రాడు పూతరేకని పట్టేశాడు గానీ, ఇంగ్లిషులో ఒక ‘హెచ్’ ఎక్కువ కొట్టాడు. దగ్గరికొచ్చావని ఊరించింది తప్ప ఆట పాయింటు ఇవ్వలేదు.

‘అన్నా, 2023లో మా పూతరేకులకి జీఐ ట్యాగ్ ఇచ్చినప్పుడు అందులో హెచ్ ఉంది. మీ లిస్టులో ఎందుకు లేదు?’

‘మంచి పాయింట్. ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం’ అన్నాడాయన, బగ్గు దొరికిన ప్రతిసారీ అన్నట్టే.

‘అమాంగ్ అస్’ మాత్రం ఒక్క వారంతో మూలపడింది. అంతరిక్ష నౌకలో అందరూ పనులు చేసుకుంటుంటే, చేస్తున్నట్టు నటిస్తూ ఒక్కొక్కర్నీ లేపేసే దొంగని పట్టుకోవాలి. పనిచేస్తున్నట్టు నటించడంలో మావాళ్లంతా సీనియర్లే; ఎవర్నని అనుమానిస్తాం? చివరికి ఓటింగ్ పెడితే మేనేజరు గారు ఏకగ్రీవంగా నౌక బయటపడ్డారు. ఆయన దొంగ కాదని తర్వాత తేలింది. పై వారం నుంచి తంబోలా. అందులో ఎవరూ ఎవర్నీ బయటికి గెంటరు.

ఆటలతో మనుషులు దగ్గరవరని నేననను. ఆ కుర్రాడి నోరు పెగిలిందే పూతరేకు వల్ల. కాకపోతే సరదాకి కూడా ఎజెండా, హాజరు, ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంటే నవ్వు కూడా టికెట్ మూసినట్టే వస్తుంది.

ఒక శుక్రవారం ఆయనింట్లో కరెంటు పోయింది. హోస్టు లేక ఆట ఆగింది. ఎవరూ కాల్ కట్ చెయ్యలేదు. డాలస్ అమ్మాయి వీసా స్టాంపింగ్ బెంగ చెప్పుకుంది. ఎవరిదో అమ్మగారి మోకాలి ఆపరేషన్ సంగతి వచ్చింది. నిమ్స్‌కి వెళ్లాలా, ప్రైవేటుకా అని అందరూ తలో మాటా వేశారు. ఆత్రేయపురం కుర్రాడు రేకు తీసే కుండని కెమెరా ముందుకి తెచ్చి, వాళ్లమ్మని కూడా పిలిచాడు.

అంతలో ఆయన రొప్పుతూ ఫోన్లోంచి లాగినయ్యాడు.

‘ఏంటి గైస్, ఖాళీగా కబుర్లేసుకుని కూర్చున్నారు? ఇలాగైతే టీం బాండింగ్ ఎప్పుడవుతుంది? పదండి, రౌండ్ త్రీ!’