నూనె తగ్గిన పట్టీ

శ్రీరాంపూర్‌లో ఒకప్పుడు నడకకు జీతం ఇచ్చేవారు. చైర్‌లిఫ్టులు రాకముందు మాట. ఆర్కే బొగ్గుబాయిల్లో మస్టర్ పడ్డాక బొగ్గు తవ్వే ఫేస్ దాకా నడిచి దిగడం, షిఫ్టు అయ్యాక అదే దారిన ఎక్కి రావడం. ఇప్పుడు రిటైరైనవాళ్లమంతా ప్రగతి స్టేడియంలో పొద్దున్నే రౌండ్లు కొడుతున్నాం. జీతం లేదు, పైగా బూట్లు మేమే కొనుక్కోవాలి. బాయిలో ఉన్నన్నాళ్లూ నా టిఫిన్ బాక్సులో నూనె ఎంతుందని ఎవరూ అడగలేదు. బాయి వదిలాకే ఆ లెక్కలు మొదలయ్యాయి.

అడిగింది హైదరాబాద్‌లో ఉన్న మా బిడ్డ. "బాపూ, నడిచేముందు పల్లిపట్టీ తింటున్నవట. పల్లీలల్ల నూటికి నలభై గ్రాములు కొవ్వే ఉంటది" అని ఫోన్‌లో గట్టిగా అందుకుంది. వారం తిరక్కుండా ఓట్స్ డబ్బా, దాంతో తయారీ విధానం వచ్చాయి. నెయ్యి వద్దు, పల్లీలు వద్దు. ఓట్స్ దోరగా వేయించి, మగ్గిన అరటిపండు, ఖర్జూరం మెదిపి కలిపి, కాస్త బెల్లం పాకం పోసి, పళ్లెంలో అదిమి, వేడి మీదే ముక్కలు కోయాలట.

వినడానికి బాగుంది. కానీ పట్టీలో కొవ్వు ఊరికే కూర్చోదు. అది గింజకూ పాకానికీ మధ్య చేరి ముక్కను మెత్తగా ఉంచుతుంది. దాన్ని తీసేస్తే పట్టి ఉంచే పనంతా బెల్లం మీద పడుతుంది. బెల్లం తగ్గిస్తే పట్టీ కాస్తా పొడి అవుతుంది, చెంచా తెచ్చుకోవాలి. పోనీ అని ఇంకాస్త పోసి పాకం ముదరనిస్తే ఏమవుతుందో బాయిలో మందు పేల్చే షాట్‌ఫైరర్‌గా రిటైరైన మా దోస్తు తేల్చాడు. ముక్కను పంటి కింద పెట్టి, మళ్లీ తీసి, వెలుతురుకు తిప్పి చూశాడు.

"దీనికి హోల్ కొట్టి మందు వెట్టాలె తమ్మీ. పండ్లతోని అయ్యే పని గాదు."

ముదరకుండా తీగపాకం దగ్గరే దింపి, అరటిపండు కొంచెం పెంచితే చక్కగా కుదిరింది. అయితే ఆ తడికి మా ఎండల్లో మర్నాటికే పులిసిన వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు స్టేడియం దాకా వినిపిస్తుందేమో, ముక్కలు ఎప్పుడూ లెక్కకు తక్కువే ఉంటాయి.

ఇదంతా చూస్తూ ఊరుకున్న మా ఇంటామె ఒకనాడు నోరు విప్పింది. "నూనె తీసి బెల్లం వోస్తే ఒంటికి తెల్వదా?" గ్రాము కొవ్వుకు తొమ్మిది క్యాలరీలు, గ్రాము బెల్లానికి నాలుగే అని బిడ్డ దగ్గర నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. "మరి ఎన్ని గ్రాములు వోసినవ్?" అంది. ఆ పాఠం నాకింకా రాలేదు.

డబ్బా మీది పట్టిక ఆమె మనవడితో చదివించింది. నూరు గ్రాముల ఓట్స్‌లో కొవ్వు 7 గ్రాముల పైమాటే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ల 2017 పట్టికలో జొన్నలకు 2 గ్రాములు కూడా లేవు. "మరి జొన్నపేలాలు ఏం పాపం జేసినయ్?" అని, తొలి ఏకాదశికి దంచే పేలపిండి గుర్తుచేసింది. పేలాలు, బెల్లం, యాలకులు. చుక్క నూనె పడదు. వ్యాయామం పేరు చెప్పి దాన్ని ఎవరూ అమ్మలేదు, అంతే తేడా.

అలాగని ఓట్స్‌ను తీసిపారేయలేం. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు ఒంట్లోకి పోతే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఓట్స్ గుండెకు మేలని డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1997లోనే ఒప్పుకుంది. కాకపోతే ఆ 3 గ్రాములకు దాదాపు 75 గ్రాముల ఓట్స్ కావాలి. ఒక పట్టీలో అందులో సగం కూడా పట్టదు. చివరికి సగం ఓట్స్, సగం జొన్నపేలాలు, పైన గుప్పెడు నువ్వులు అని రాజీ కుదిరింది. నువ్వుల సంగతి హైదరాబాద్‌కు చెప్పలేదు.

ఆ పట్టీలే స్టేడియానికి పట్టుకుపోయాను. ఒక్కో ముక్క నూటయాభై క్యాలరీలుంటుందని, అరగంట నడిస్తే కరిగేది నూరు, నూటపది మాత్రమేనని అందరికీ విడమరిచి చెప్పాను. షాట్‌ఫైరర్ నములుతూనే ఆలోచించాడు.

"అంటే తినకుంట, నడవకుంట ఇంట్ల గూసుంటె మనకే నలభై మిగులుతయ్ గదా!"

అని, ఇంకో ముక్క అందుకున్నాడు.