ఎంపిక చేసిన ఆసుపత్రిలో ఒక రాత్రి

నర్సింగ్ కాలేజీ లైబ్రరీల్లో ఒక అల్మరా ఉంటుంది. రెక్సిన్ అట్టలు, వాటి మీద బంగారు అక్షరాలు, వరసగా ఎమ్మెస్సీ థీసిస్‌లు. ఏది లాగి చూసినా పేరు ఒకే అచ్చులో పోసినట్టుంటుంది: ఎంపిక చేసిన ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సులకు ఫలానా విషయం మీద ఉన్న పరిజ్ఞానంపై ప్రణాళికాబద్ధ బోధనా కార్యక్రమం చూపే ప్రభావాన్ని అంచనా వేసే అధ్యయనం. ఫలానా అన్నచోట బెడ్‌సోర్ పెట్టుకోవచ్చు, చేతులు కడుక్కోవడం పెట్టుకోవచ్చు, పని ఒత్తిడి పెట్టుకోవచ్చు. మిగతాదంతా పెళ్ళి శుభలేఖే. వధూవరుల పేర్లు మారతాయి, ముహూర్తం మారుతుంది, కింద ఉండే 'బంధుమిత్ర సపరివారంగా' మాత్రం మారదు.

లోపలి కథా అంతే. అరవైమంది నర్సుల్ని పోగేస్తారు. ప్రశ్నపత్రం ఇస్తారు. వీళ్ళకి పరిజ్ఞానం చాలడం లేదని తేలుతుంది. ముప్పావుగంట ఫ్లిప్‌చార్ట్ తిప్పుతారు. వారం పోయాక అవే ప్రశ్నలు మళ్ళీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి, అవే ప్రశ్నలాయె! పి విలువ 0.05 కంటే తక్కువ వస్తుంది, బోధన ఫలించిందని ముగుస్తుంది. ఇదే అధ్యయనం ఇంకా పెద్ద నమూనాతో మళ్ళీ చేయవచ్చునని ఆఖరి పేజీ సిఫార్సు చేస్తుంది. చేస్తారు కూడా.

నేను ఉండేది హైదరాబాద్‌లో, నల్లగండ్లలో. మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, ఐటీ కారిడార్‌లోనే ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేర్చాను. పేరెందుకు లెండి, ఎంపిక చేసిన ఆసుపత్రి అనుకోండి. కింద లాబీలో కాఫీ షాపు, పియానో సంగీతం. పైన మూడో అంతస్తులో రాత్రి డ్యూటీకి ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె చేతిలో ఆ రాత్రి పదకొండుమంది పేషెంట్లు. నాకు నిద్ర పట్టక, కారిడార్‌లో అటూ ఇటూ తిరిగి లెక్కపెట్టాను.

యూనిఫామ్ చేతి మీద ఆ అమ్మాయి జానెడు మైక్రోపోర్ టేపు అంటించుకుంది. దాని మీద బాల్‌పెన్నుతో చీమల్లాంటి అక్షరాలు: 304 బీపీ, 307 షుగర్, 309 డ్రెయిన్, 311 కొడుక్కి ఫోన్. పని అయిన కొద్దీ గీత కొట్టేది, కొట్టిన చోటే కొత్తది ఎక్కేది. వార్డులో కంప్యూటర్ ఉంది, కేస్ షీట్లున్నాయి, నాలుగు రంగుల ఫైళ్ళున్నాయి. అవన్నీ ఆడిట్‌కి వచ్చేవాళ్ళ కోసం. పేషెంటు బతికేది ఆ టేపు ముక్క మీద.

రెండుంపావుకి సెలైన్ మార్చడానికి వచ్చింది. "అన్నం తిన్నావా తల్లీ?" అంది అమ్మ. ఆ అమ్మాయి గోడ గడియారం వంక చూసింది, తినడానికి వేళ ఉందా దాటిందా అన్నట్టు. "తింటానమ్మా, 307 చూసొచ్చి" అంది. 307లో బెల్లు మోగుతోంది. 309లో ఐవీ పంపు కూతపెడుతోంది. గంటకి అరవై నిమిషాలు, మనుషులు పదకొండుమంది, ఒక్కొక్కరికి ఐదున్నర నిమిషాలు. మందు, బీపీ, డైపర్, డాక్టరుకి ఫోన్, అటెండెంట్ల కోపం, కంప్యూటర్‌లో ఎక్కించడం అన్నీ ఆ ఐదున్నరలోనే. నడిచే టైము వేరే ఇవ్వరు.

తుంటి ఆపరేషన్ అయిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒళ్ళు పుండవుతుంది. అమ్మని పన్నెండింటికి తిప్పారు, మళ్ళీ ఐదింటికి. పొద్దున చార్ట్ చూస్తే పన్నెండు, రెండు, నాలుగు, ఆరు అని నాలుగు టిక్కులున్నాయి. ఒకే పెన్ను, ఒకే వాలు. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. రాయకపోతే చేయనట్టే అని నర్సింగ్‌లో మొదటి ఏడాదే నూరిపోస్తారట. రాస్తే చేసినట్టే అని నైట్ డ్యూటీ నేర్పుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఎనిమిదింటికి హ్యాండోవర్ ఇచ్చి, బ్యాగు భుజాన వేసుకుని లిఫ్ట్ దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయిని, ఆమెతో పాటు ఇంకో పదిమందిని ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఆపింది. "ట్రైనింగ్ హాల్‌కి పదండమ్మా, రీసెర్చ్ ఉంది." నేనూ టిఫిన్ వంకతో కిందికి దిగి తలుపు సందులోంచి తొంగి చూశాను. పరిశోధన విషయం: స్టాఫ్ నర్సుల్లో పని ఒత్తిడి, దాన్ని తట్టుకునే నేర్పు. మొదటి ప్రశ్న: ఒత్తిడి అనగానేమి? అ, ఆ, ఇ, ఆపైన ఈ: పైవన్నీ. మా ఖమ్మం అమ్మాయి ముప్పై ప్రశ్నలకీ పైనించి కిందిదాకా 'ఈ' కొట్టి, పెన్ను మూసి, కూర్చున్నచోటే కళ్ళు మూసుకుంది. ఒత్తిడి గురించి ఆమెకి పరిజ్ఞానం చాలదని ఈపాటికి ఏదో పట్టికలో ఎక్కే ఉంటుంది. ఆ పైన ప్రొజెక్టర్ వెలిగింది. పన్నెండు గంటలు నిలబడ్డవాళ్ళకి దీర్ఘశ్వాస ఎలా తీసుకోవాలో నేర్పారు. నెమ్మదిగా పీల్చండి, నాలుగు అంకెలు లెక్కపెట్టండి, వదలండి. ఇద్దరు ముగ్గురు నిజంగానే అంత ప్రశాంతంగా వదిలారు, గురక వినపడింది. ఆ పరిశోధన మొత్తంలో నేను నమ్మిన ఫలితం అదొక్కటే.

ఇలా అందుబాటులో ఉన్నవాళ్ళని పట్టుకుని లెక్కలోకి తీసుకోవడాన్ని సౌకర్య నమూనా అంటారు. ఎవరి సౌకర్యం అనేది పుస్తకంలో ఉండదు.

పరిశోధన చేస్తున్న అమ్మాయిని తప్పుపట్టడానికి నోరు రాలేదు. ఆమె కూడా నాలుగేళ్ళు నైట్ డ్యూటీలు చేసి చదువుకి వచ్చిందే. "ఇవన్నీ ఎందుకమ్మా, రాత్రి ఒక్కో సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లో లెక్కపెట్టి, ఎంతమంది పడ్డారో, ఎంతమందికి పుండ్లయ్యాయో దాని పక్కన రాయచ్చుగా?" అని అడిగాను. నవ్వింది. "ఆ టాపిక్ పెడితే ఆసుపత్రి పర్మిషన్ లెటర్ ఇవ్వదు సర్. గైడ్ మేడమ్ ముందే చెప్పేశారు." ఆ రెక్సిన్ అట్టల అల్మరా గుట్టంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. నర్సు తలలో ఏముందో కొలవడానికి ఎవరి పర్మిషనైనా దొరుకుతుంది. రోస్టర్‌లో ఏముందో చూస్తామంటే మాత్రం గేటు దగ్గరే సెక్యూరిటీ వస్తాడు.

ఆ లెక్క ఎవరూ వేయలేదా అంటే, వేసి ఇరవై ఏళ్ళు దాటింది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ ఆచార్యురాలు, ఆమె బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, రెండు లక్షల ముప్పై వేలకు పైగా ఆపరేషన్ పేషెంట్ల లెక్కలు తీసి 2002లో అచ్చువేశారు. నర్సుకి ఒక్క పేషెంటు పెరిగితే, చేరిన నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. నలుగురిని చూసేచోట ఎనిమిదిమందిని చూడాల్సివస్తే 31 శాతం. అదే ఒక్క పేషెంటుకి నర్సు నీరసించి విసిగిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోంది. 2014లో యూరప్‌లో తొమ్మిది దేశాలు, 300 ఆసుపత్రులు చూస్తే మళ్ళీ అదే 7 శాతం. అక్కడే ఇంకో మాట కూడా తేలింది: డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగితే మరణాలు 7 శాతం తగ్గుతున్నాయి. కాబట్టి చదువు వద్దని నేననడం లేదు. చేయి కడుక్కోవడం ఎలాగో నేర్పండి, తప్పకుండా. కడుక్కోవడానికి అర నిమిషం కూడా మిగల్చండి అంటున్నాను.

బియాట్రిస్ కాలిష్ అనే మరో పరిశోధకురాలు 2006లో ఇంకా తెలివైన పని చేసింది. నర్సులు ఏం చేస్తున్నారో అడగలేదు, ఏం చేయలేక వదిలేస్తున్నారో అడిగింది. నడిపించడం, పక్కకి తిప్పడం, నోరు శుభ్రం చేయడం, నాలుగు మాటలు మాట్లాడి ధైర్యం చెప్పడం: జవాబులు ఇవీ. మా అమ్మ రెండింటికీ నాలుగింటికీ మధ్య పోగొట్టుకున్నవి సరిగ్గా ఇవే. మిచిగాన్‌లో కూర్చుని రాసిందే గానీ, మూడో అంతస్తు కారిడార్‌లో నా పక్కనే నడిచినట్టుంది.

నేను బతికేది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ మీద. మా దగ్గర ఇంజినీరుకి ఇన్ని టికెట్లని కొలత ఉంటుంది, దాటితే మేనేజర్‌కి మెయిల్ పోతుంది. "నాకు బ్యాండ్‌విడ్త్ లేదు" అని ఎవరైనా అనచ్చు, అన్నాక కాఫీకి కూడా వెళ్ళచ్చు. లోడు ఎక్కువై సర్వర్ కూలిపోతే మర్నాడు కారణం వెతికే మీటింగు పెడతారు. ఇన్నేళ్ళలో ఏ మీటింగులోనూ సర్వర్‌కి ఓర్పు తక్కువైందని ఎవరూ తేల్చలేదు. దానికి ప్రాణాయామం నేర్పుదామనలేదు. ఇంకో రెండు సర్వర్లు కొన్నారు, అంతే. ఇనప్పెట్టె మీద ఉన్న దయ యూనిఫామ్ మీద రాదేం?

మన నర్సింగ్ కౌన్సిల్‌కీ ఒక కొలత ఉంది: టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు. కాలిఫోర్నియా ఇలాంటి కొలతనే 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుపెట్టింది. ఇక్కడ నర్సుల జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016 జనవరిలో కోర్టు కమిటీ వేయమంది. యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నెలకి 20,000 తగ్గకూడదు, రెండొందల పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలి అని కమిటీ చెప్పింది. కేరళ నర్సులు దాన్ని పట్టుకుని కొట్లాడి 2018లో 20,000ని నోటిఫై చేయించుకున్నారు. 2024 జనవరి 31న మన ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకి సర్కారు ఒక్కరోజే నియామక పత్రాలిచ్చింది. అంటే పడకల దగ్గరికి మనుషుల్ని తేవడం మానవమాత్రులకి సాధ్యమే. ఫ్లిప్‌చార్ట్ కంటే ఖర్చు ఎక్కువ, అదొక్కటే అడ్డు.

మే 12న మాత్రం ఖర్చుకి వెనకాడరు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. దీపం బొమ్మతో కేకు, అందరికీ ఒకే రంగు టీషర్టు, సెల్ఫీ చట్రం. చేతిలో కొవ్వొత్తితో నైటింగేల్ ప్రతిజ్ఞ చదివిస్తారు. ఆ ప్రతిజ్ఞ ఆవిడ రాసింది కాదు, 1893లో అమెరికాలో డెట్రాయిట్‌లో రాసింది. ఆవిడ చేసిన పని వేరు. క్రిమియా యుద్ధంలో గాయాలతో పోయినవాళ్ళ కంటే ఆసుపత్రి మురికిలో రోగాలతో పోయినవాళ్ళే ఎక్కువని చచ్చినవాళ్ళని లెక్కపెట్టి, 1858లో రంగుల పటం గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది. ఇంగ్లండులో గణాంక శాస్త్రవేత్తల సంఘంలో సభ్యురాలైన మొదటి ఆడమనిషి ఆవిడే. ఇప్పుడు ఆవిడే మూడో అంతస్తుకి వచ్చి లెక్కపెడతానంటే పర్మిషన్ లెటర్ అడుగుతారు. దీపం పట్టుకుని ఫొటోకి నిలబడతానంటే మాత్రం రమ్మంటారు.

డిశ్చార్జి రోజు నా చేతికి ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. పద్దెనిమిది ప్రశ్నలు. నర్సు నవ్వుతూ పలకరించిందా అని ఉంది. బెల్లు కొట్టాక ఎంతసేపటికి వచ్చిందని ఉంది. ఆలస్యమైనప్పుడు ఎక్కడ ఉందని లేదు.

చదివేవారికి ఒక్క మనవి. ఈసారి మీవాళ్ళని ఎక్కడ చేర్చినా, రూము అద్దె, ఇన్సూరెన్సు సంగతులు అడిగే కౌంటర్ దగ్గరే ఇదీ అడగండి: రాత్రిపూట ఆ వార్డులో ఒక్క సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లు? తెలియదంటే తెలిసినవాళ్ళని పిలవమనండి. అంకె చెప్పేదాకా అడ్వాన్సు కట్టకండి.