నొప్పి ఏడు

ఆమె ఫిలింనగర్ బస్తీలో ఉండే జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనైనా చావు సీనైనా గుంపులో ఎక్కడో ఉంటుంది. భర్త కిడ్నీలు రెండూ పాడైతే తనది ఒకటి ఇచ్చింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం భార్యనూ దగ్గరి బంధువుగానే లెక్కేస్తుంది. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, అది వేరే కథ.

జూబ్లీహిల్స్‌లోని ఓ ఆస్పత్రిలో ఆపరేషన్. అక్కడి మత్తు డాక్టరమ్మకు దాతలంటే ప్రాణం. ఏ జబ్బూ లేకుండా నడిచొచ్చి కోత పెట్టించుకున్న మనిషికి నొప్పి మిగల్చడం అన్యాయమంటుంది. నిజమే కదా. పైగా ఒక్క కిడ్నీయే మిగిలినవాళ్ళకు డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వడానికి జంకుతారు. మార్ఫిన్ ఇస్తే వాంతులు, మగత. అందుకే డాక్టరమ్మ అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ, వెన్ను పక్క కండరం అడుగున సన్నటి గొట్టం పెట్టింది. ఎరెక్టర్ స్పైనీ బ్లాక్ అంటారు, 2016లో వెలుగులోకొచ్చిన పద్ధతి. అందులోంచి రోపివకైన్ కొద్దికొద్దిగా దిగుతుంటే కోత దగ్గరి నరాలు మొద్దుబారతాయి. మగత లేకుండానే మనిషి గట్టిగా ఊపిరి పీల్చగలదు, దగ్గగలదు, త్వరగా లేచి నడవగలదు.

సాయంత్రం డాక్టరమ్మ అడిగింది. "సున్నా అంటే నొప్పి లేనట్టు, పదంటే భరించలేనంత. నీకెంతుందమ్మా?"

ఆమె పక్కనే కూర్చున్న అత్తను ఓసారి చూసి, "ఏడు మేడం" అంది.

డాక్టరమ్మ కంగారుపడింది. గొట్టం జారిందేమో! కోత చుట్టూ ఐసుముక్క ఆనించింది. చల్లదనం తెలియట్లేదంది. దగ్గమంది. దగ్గింది, కనుబొమ్మయినా ముడిపడలేదు. మందు పెంచబోయి ఆగింది. మోతాదు మించితే గుండెకు ముప్పు.

మర్నాడు పొద్దున తనే బాత్రూముకు నడిచెళ్ళి వచ్చింది. అడిగితే మళ్ళీ ఏడే.

అత్త కొడుకును చూడ్డానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మంచం మీదికి వంగింది. "నిజం చెప్పు. నొప్పి ఉందా?"

"లేదు మేడం, ఒట్టు. పెండ్లయినంక ఇంత నిమ్మలంగ ఎన్నడు పండలే."

"మరి ఏడెందుకు చెప్తున్నావు?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"సున్నా అంటే మా అత్త ఇయ్యాలనే ఇంటికి తీస్కపోతది మేడం. వంటకు మనిషి లేదంట."