వినకూడని సలహాలు

భర్తకో భార్యకో మరొకరితో సంబంధం ఉందని బయటపడ్డాక ఇంటికి సలహాలు వరస కడతాయి. మేనత్త ఒకటి చెబుతుంది, ఆఫీసులో పక్క సీటాయన ఇంకొకటి చెబుతాడు. అభిమానంతోనే చెబుతారు. కానీ వాటిలో చాలావరకు తప్పు, పాటిస్తే ముందు నలిగేది బిడ్డ.

“స్టేషన్‌కి వెళ్లి కేసు పెట్టు, ఇద్దర్నీ లోపలేస్తారు.” వెయ్యరు. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. ఆ సెక్షన్ బతికి ఉన్న రోజుల్లోనూ మోసపోయిన భార్యకు ఫిర్యాదు చేసే హక్కు లేదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులు కోరడానికి మాత్రం అది ఇప్పటికీ కారణమే. “అయితే కట్నం కేసు కలిపెయ్” అంటారు. నిజంగా వేధించి ఉంటే తప్పకుండా పెట్టండి. జరగనిది రాయిస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క అబద్ధం దొరికాక మీరు చెప్పిన నిజాలనూ ఎవరూ నమ్మరు.

“తప్పు వాళ్లది, కాబట్టి బిడ్డ నీకే.” ఎక్కువమందిని ముంచేది ఈ మాటే. పెళ్లి గొడవ వేరు, బిడ్డ కస్టడీ వేరు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికంటే ముందు చూడాల్సింది బిడ్డ సంక్షేమం. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అదే చట్టం 6వ సెక్షన్ అంటుంది. భార్యగా తప్పు చేసినంత మాత్రాన తల్లిగా పనికిరాదని కోర్టు తీర్మానించదు, తండ్రి విషయంలోనూ అంతే. పొద్దున టిఫిన్ బాక్సు ఎవరు కడుతున్నారు, జ్వరమొస్తే రాత్రి ఎవరు మేల్కొంటున్నారు, స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్తున్నారు, బిడ్డ ఎవరి దగ్గర భయం లేకుండా ఉంటుంది అన్నవే అక్కడ తేలాల్సినవి. హోటల్ బిల్లులు, ఫొటోలు కవర్లో భద్రంగా దాచుకునేవాళ్లు టీకాల కార్డు, ఫీజు రసీదులు, డాక్టరు చీటీలు పట్టించుకోరు. ముందు వాటిని ఫైల్లో పెట్టండి.

“బిడ్డకి డీఎన్ఏ పరీక్ష చేయించు.” ఇంతకన్నా క్రూరమైన సలహా లేదు. భార్య వ్యభిచారాన్ని నిరూపించడానికి బిడ్డ పుట్టుకను పరీక్షకు పెట్టే ఆదేశాలు మామూలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అమ్మానాన్నల పోరులో ఆ పసివాడు చేసిన పాపమేమిటి?

“పిల్లని ఊళ్లో దాచెయ్, ఫోన్ కూడా ఇవ్వకు.” అలా దాస్తే బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమంటూ అవతలివాళ్లు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు, మీరు బిడ్డను రెండోవాళ్లకు దూరం చేస్తున్నారన్న ముద్ర పడుతుంది. అమెరికా నుంచి చెప్పకుండా పిల్లలతో హైదరాబాద్ విమానం ఎక్కెయ్యమనేవాళ్లూ ఉన్నారు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కాబట్టి భయం లేదంటారు. కానీ అక్కడి కోర్టు ఆర్డరుండగా వస్తే అక్కడ క్రిమినల్ కేసు కావచ్చు, పిల్లల్ని వెనక్కి పంపమని ఇక్కడి కోర్టే చెప్పవచ్చు.

“జడ్జిగారి ముందు ఇలా చెప్పు అని నేర్పించు.” జడ్జి బిడ్డతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడవచ్చు. ఏడేళ్ల పిల్ల నోట పెద్దవాళ్ల మాటలొస్తే, నేర్పించినవని పసిగట్టడం కష్టం కాదు. నాన్ననో అమ్మనో తిట్టమని నేర్పిన మాట ఆ పిల్ల మనసులో కేసు ముగిశాక కూడా ఉంటుంది.

“డబ్బొద్దని రాసిచ్చెయ్, పీడ పోతుంది.” మీ భరణం మీరు వదులుకోవచ్చు. బిడ్డ పోషణ ఖర్చు బిడ్డ హక్కు, దాన్ని మీరు రాసివ్వలేరు.

నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. కేసు విషయానికి 15100 న్యాయసేవల హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది, మగవాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. మేనత్త మాట వినేముందు 15100కు ఫోన్ చేయండి.