చైర్మన్ గారు లోడ్ అవుతున్నారు

ఇంకేం, కష్టాలు గట్టెక్కినట్టే. ఒకటో తారీఖు నుంచి బ్యాంకు ఏ బ్రాంచికీ ఇంజినీరు రాడట. కంప్యూటర్ మొరాయిస్తే హెడ్డాఫీసులో కూర్చునే బాగుచేస్తారట. "ఇంజినీర్ మీ పక్కనే ఉన్నట్టు" అని సర్క్యులర్ నెత్తిన లావుపాటి అక్షరాల్లో వేసి మరీ పంపారు. జీపు ఖర్చు మిగిలింది, భత్యం మిగిలింది. పాడేరు ఘాట్ ఎక్కి ఎక్కి నడుములు పోగొట్టుకున్న కుర్రాళ్లకు ఉద్యోగం మాత్రం మిగలలేదు, అది వేరే సంగతి.

మా పిన్ని కూతురు పనిచేసే బ్రాంచి ఆ ఘాట్ దాటాక ఇంకా లోపలికి. వాన పడితే సిగ్నల్ పోతుంది, ఎండ కాస్తే కరెంటు పోతుంది. అన్నీ కలిసొచ్చిన రోజున 256 కేబీపీఎస్ వస్తే పండగే. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో కేంద్రం తేల్చింది. ఆ లెక్కన అది ఇంకా ఘాట్ ఎక్కలేదు.

దూరం నుంచి బాగుచెయ్యాలంటే ముందు బ్రాంచి తెర ఆ లైను మీద హెడ్డాఫీసుకి చేరాలి. ఆ తెర నిండా ఉన్నది వాల్‌పేపర్. బ్రాంచి కంప్యూటర్లన్నిటి మీదా చైర్మన్ గారు వరిచేలో నిలబడి నమస్కారం పెడుతుంటారు. వెనక సూర్యోదయం. దాన్ని మార్చే వీలు బ్రాంచికి లేకుండా పైనుంచే తాళం వేశారు. ఆ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే 62 లక్షల బైట్లు. మా చెల్లి లైను మీద ఉన్నదున్నట్టు పంపితే మూడు నిమిషాల పైమాటే. కుదించే పంపుతారు, నాకూ తెలుసు. కానీ కుదింపుకు ఇట్టే లొంగేది ఒకే రంగు పరిచిన తెర. ఆకాకుకో పచ్చ, మబ్బుమబ్బుకో ఎరుపు ఉన్న ఫొటో అంత తేలిగ్గా లొంగదు.

కాబట్టి ముందు సూర్యుడు వస్తాడు. తర్వాత చైర్మన్ గారి క్రాపు. నుదుటి దగ్గర లైను ఆగుతుంది. "మేడమ్, మౌస్ ముట్టుకోకండి, స్క్రీన్ వస్తోంది" అంటాడు ఫోన్లో హెడ్డాఫీసు కుర్రాడు. మీసం దాకా వచ్చేసరికి కనెక్షన్ తెగుతుంది. మళ్లీ కలపడానికి తెర మీది నంబరు చదివి చెప్పాలి, మళ్లీ తెల్లవారాలి. ఎలాగో ఆయన పూర్తిగా దయచేశాక కుర్రాడు ఓ విండో తెరిచి మూశాడా, దాని వెనకున్న భుజం మళ్లీ గీసుకుంటూ రావాలి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి వాల్‌పేపర్‌ని దాచిపెట్టే టిక్కు ఒకటుంది. మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌లోనైతే '56 కేబీపీఎస్ మోడెం' అని ఎంచుకుంటే చాలు, ఆ పని అదే చేసేది. డయలప్ రోజుల్లోనే ఆ మాత్రం ఆలోచించారు. ఆ టిక్కు పెట్టమని మా చెల్లి అడిగితే, బ్రాండింగ్ పాలసీ ఒప్పుకోదన్నారు!

ఇక క్లిక్కులు. కుర్రాడు అక్కడ నొక్కుతాడు, తెర కదలదు. మళ్లీ నొక్కుతాడు. కాసేపటికి ఆ క్లిక్కులన్నీ ఒక్కసారే దిగి, ఒకే విండో నాలుగైదు సార్లు తెరుచుకుంటుంది. అవన్నీ మూయడం మరో అరగంట.

ఇంతా చేసి మొన్నటి జబ్బేమిటంటే, ప్రింటర్ పలకడం లేదు. ప్రింట్ స్పూలర్‌ని ఆపి మళ్లీ మొదలెట్టాలి, అంతే. రెండు కమాండ్లు, రెండూ కలిపి నలభై అక్షరాలు కూడా ఉండవు. నల్లతెర మీద అక్షరాలతోనే నడిచే పద్ధతి ఒకటి పెడితే, 80 అక్షరాల వరుసలు 25తో తెర నిండా నింపినా రెండు వేల బైట్లు. అది ఆ లైను మీద కూడా రెప్పపాటులో వెళ్తుంది. అది పెట్టరు. ఎందుకంటే అందులో చైర్మన్ గారు కనబడరు.

ఆ రోజు కౌంటర్ ముందు, అప్పు కట్టిన రసీదు కోసం కొండ దిగొచ్చిన ముసలాయన నిలబడే ఉన్నాడు. "ఏటమ్మా, ఇంకా అవ్వలేదేటి?" అని అడిగీ అడిగీ, చివరికి ఆఖరి జీపు పోతుందని రసీదు లేకుండానే వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ రావాలి, కూలి పోగొట్టుకుని. ఆ కూలి ఏ పొదుపు లెక్కలో రాశారు? ఈ పద్ధతి తెచ్చినవాళ్లలో ఒక్కడైనా ఆ లైను మీద ఒక్కసారి నడిపి చూశాడా? హెడ్డాఫీసులో ఒక గది నుంచి పక్క గదికి ఫైబర్ మీద చూపించుకుని చప్పట్లు కొట్టుకున్నారు. ఇది పొగరు. నెట్‌వర్క్ లేదని తెలిసీ, లేనివాళ్ల నెత్తినే రుద్దిన పొగరు.

అపరిచితులు ఫోన్ చేసి ఎనీడెస్క్ అనే రిమోట్ యాప్ పెట్టుకోమంటే నమ్మొద్దని 2019లో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఇప్పుడు ఫోన్లో ఎవడు అడిగినా తెర మీది నంబరు చెప్పేయడమే డ్యూటీ.

చివరికి బాగైంది ఎలాగంటారా? మా చెల్లి తెరను ఫోన్‌తో ఫొటో తీసి, కిటికీ బయటికి చెయ్యి చాపి వాట్సాప్‌లో పంపింది. కుర్రాడు చూసి ఫోన్లో చెప్పాడు, ఈమె టైపు చేసింది. ప్రింటర్ పలికింది. ఫిర్యాదు టికెట్ మీద మాత్రం "రిమోట్‌గా పరిష్కరించబడింది" అని పడింది. దాంతోపాటే, ఎన్ని స్టార్లిస్తారంటూ ఓ మెసేజీ. ఆమె స్టార్లేవీ ఇవ్వలేదు. అందుకు సంజాయిషీ అడిగారు.

వచ్చే నెల నుంచి తెర మూలన ఇంజినీర్ ముఖం కూడా వీడియోలో కనబడుతుందట.