కుళ్లాలి, కానీ కుళ్లకూడదు

మిద్దె మీది మిరప కుండీల్లో తేమ నిలిచేందుకు జెల్ నేనే తయారుచేస్తానని ఇంట్లో ప్రకటించాను. పిల్లల డైపర్లలో వాడే సోడియం పాలీయాక్రిలేట్ వద్దనుకున్నాను. అది మట్టిలో ఓ పట్టాన కరగదు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా హైడ్రోజెల్ తన బరువుకు కనీసం 350 రెట్ల మంచినీళ్లు పీలుస్తుందంటారు. సెల్యులోజ్ ఆధారంగా చేసిందే అయినా, సగం కృత్రిమం కదా అని దాన్నీ తోసిపుచ్చాను. నాది అచ్చంగా మొక్క నుంచి రావాలి, మట్టిలో కలిసిపోవాలి. ఆ రెండో షరతు కూడా నేను పెట్టుకున్నదే.

గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ తెచ్చాను. మానోస్ గొలుసులకు గాలక్టోస్ కొమ్మలున్న పదార్థమది, చన్నీళ్లలోనే చిక్కబడుతుంది. మట్టిలో కలిపాను. కొద్దిరోజులకే బూజు పట్టింది, వాసన మొదలైంది, జిగురు నీరుగారింది. మట్టిలోని సూక్ష్మజీవులు మానోస్ గొలుసుల్ని తెంచి తినేశాయన్నమాట.

"కుళ్లిపోయేదే కావాలన్నావు, కుళ్లింది. ఇంకేం కావాల్రా?" అంది అక్క.

అక్కకు కెమిస్ట్రీ తెలియదులే అనుకున్నాను.

ఈసారి గ్వార్ నీళ్లలో వెలిగారం కలిపాను. బోరేట్ అయాన్లు గొలుసుకీ గొలుసుకీ మధ్య ముడివేస్తాయి. క్షణాల్లో జిగురు కాస్తా ముద్దకట్టి, పట్టుకుంటే సాగింది. ఎన్నాళ్లున్నా బూజు రాలేదు. మా ఇంటికొచ్చిన ప్రతివారినీ మెట్లెక్కించి మరీ చూపించాను. బూజు ఎందుకు రాలేదో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. వెలిగారం శిలీంధ్రాలకు విషం. మట్టిలో కలిసిపోవాలన్న జెల్‌ను మట్టిలోని జీవులు ముట్టకుండా నేనే కాపలా పెట్టాను!

తర్వాత ముదురాకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడాయి. నీళ్లు చాలక అనుకుని ఇంకో గుప్పెడు జెల్ వేశాను. నా తెలివికి అది పరాకాష్ఠ. బోరేట్ ముళ్లు గట్టివి కావు, విడిపోతూ మళ్లీ కలుస్తూ ఉంటాయి. నీళ్లు పోసినప్పుడల్లా కొంత బోరాన్ జారి వేళ్లకు చేరుతుంది. మొక్కకు బోరాన్ కావాలి, కానీ లేశమంత. మించితే ఆకుల అంచుల్లో పేరుకుని వాటిని మాడుస్తుంది.

ఆ మట్టంతా తీసేశాను. ఇప్పుడు ఉత్త గ్వార్ పొడినే కంపోస్టులో కొద్దిగా కలుపుతున్నాను, తరిగిపోయినప్పుడల్లా మళ్లీ వేస్తున్నాను. వాసన వస్తోందని అక్క అప్పుడప్పుడూ అంటుంది. రానీ.